నా మీదికొచ్చింది హీటర్

ముందుగాల ఒక్క మాట చెప్త, మళ్ళ ఎవ్వరు అడగొద్దు. ఆ ఏడు బోనాల నాడు నా మీదికి అమ్మ రాలేదు. వచ్చింది హీటర్. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొస్తుంది గని మా బస్తీల నమ్మినోడు ఒక్కడు లేడు. చెప్తె ఇంటరు, ఇని నవ్వుతరు, నవ్వి దండం పెడ్తరు. కొట్లాటకొచ్చేటోనితోని కొట్లాడొచ్చు గని, దండం పెట్టేటోనితోని ఏం కొట్లాడుతం.

నా పేరు మొగులయ్య. చాంద్రాయణగుట్ట రోడ్డు మీద రేకుల షెడ్డు నాది, లారీలు, వ్యాన్లు బాగు చేస్త. ఇల్లు మటుకు దబీర్‌పురా టేషన్ వెనక గల్లీల. మా బాపు అంజన్న. పోతరాజు అంజన్న అంటె చిన్న పోరగానికి గూడ ఎరుకే. ఆషాఢంల బోనాలొచ్చినయంటె బాపు ఒంటినిండ పసుపు రాసుకునేది, నడుముకు యాపమండలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకునేది, చేతిల కొరడా పట్టి అమ్మవారి ఫలహారం బండి ముందట ఎగిరేది. బాపు ఎగురుతుంటె గల్లీ గల్లీ ఊగేది. బాపు కంటె ముందు తాత ఎగిరిండు. ఆ కొరడా మా ఇంట్ల దేవుని అర్ర గోడకు ఉంటది. దాన్ని ముట్టాలంటె నాకు చిన్నప్పటికెళ్ళి భయం.

ఎమర్జెన్సీకి ముందటేడు బాపు మోకాళ్ళు మొరాయించినయి. కూసుంటె లేవరాదు, లేస్తె కూసోరాదు. ఉత్సవ కమిటీ పెద్ద కైలాసమన్న మా ఇంటికొచ్చిండు. ఆరోగ్యం అడిగిండు, చాయ్ తాగిండు, ఆఖరుకు కడుపుల మాట బయట పెట్టిండు. అంజన్న ఇంటికెళ్ళి ఎవరన్న కొరడా పడ్తె సరే, లేకుంటె పక్క గల్లీ దుర్గయ్య కొడుక్కు ఇస్తమన్నడు. ఒక్కసారి చెయ్యి మారితె ఇగ మళ్ళ ఈ ఇంటికి రాదని గూడ చెప్పిండు. బాపు నా దిక్కు చూసిండు. నేను చాయ్ గిలాసల దిక్కు చూసిన.

నాకు భక్తి లేక కాదు. డప్పు మోగంగనే బాపు కండ్లు మారిపోయేటివి, ఇంటోళ్ళను గూడ గుర్తు పట్టకపోయేది. అది నేను చిన్నప్పటికెళ్ళి కండ్లార చూసిన. నాకేమో డప్పు ఇంటె కాలి బొటనవేలు గూడ కదలది. పెండ్లి బరాత్‌ల అందరు ఎగురుతుంటె నేను బండి కాడ నిలబడి టైర్ల గాలి చూసే మనిషిని. రాని అమ్మను వచ్చినట్టు చేసుడు నాతోని కాదు, గిది నాటకమా అని బాపు మొకం మీదనే చెప్పిన. బాపు తిట్టలే. ఆనాటికెళ్ళి బువ్వ సగం తిని లేసుడు మొదలు పెట్టిండు. తిట్టినా బాగుండు. నా పెండ్లాం రాజమణి మటుకు బాపు వంతు గూడ తనే తిట్టింది. ఇంజన్ మోగితె ఊగేటోనికి డప్పు మోగితె ఏమొచ్చిందని బాయి కాడ నలుగురిల అడిగింది.

గిట్లుండంగ సీతారాం సేటు పికప్ నా షెడ్డుకొచ్చింది. సేటుది తాతల నాటి హోల్‌సేల్ పసుపు దుకాణం. బోనాలకు ఫలహారం బండి ఎప్పుడు సేటు పికప్పే. దానికి పూలు చుట్టి, అమ్మవారి పటం పెట్టి, నైవేద్యాలన్ని ఎత్తి ఊరేగించి గుడికి తీస్కపోతరు. అది అమెరికా నుంచి వచ్చిన పాత బండి. మిలిటరీ వేలంల బార్కస్ ఆయన ఎవరో కొన్నడు, ఆయన కాడ సేటు కొన్నడు. స్టీరింగ్ కింద ఇనుప డబ్బా ఒకటి ఉంటది, అదే హీటర్. చలి దేశాలల్ల లోపల కూసున్నోళ్ళకు వెచ్చని గాలి ఇచ్చేటిది. మన హైద్రాబాద్‌ల హీటరంటె బోడిగుండుకు దువ్వెనే.

బండి రోగమేందంటె, ఉడుకుడు. రోడ్డు మీద ఉరికితె ఏం కాదు. ఊరేగింపుల మనిషి నడక నడిస్తె గాలి తగలక ఇంజన్ల నీళ్ళు మరుగుతయి. ముందటేడు గల్లీ నడుమ ఆగి పొగలు కక్కింది, అమ్మవారి ఫలహారం అక్కడ్నే నిలబడ్డది. ఈ ఏడు గూడ ఆగితె ఎడ్లబండి కడ్తమని కైలాసమన్న అన్నడట. సేటుకు తల కొట్టేసినట్టైంది. ఏమన్న చెయ్యి మొగులయ్యా, నా బండి అమ్మ సేవల ఆగొద్దు అని బతిమిలాడిండు.

చేసిన. ఇది నా పని, ఇందుల నన్ను ఎవ్వడు వంక పెట్టలేడు. రేడియేటర్ ఇప్పి చూస్తె లోపల సగం బాయినీళ్ళ సున్నమే. కడిగిన, గీకిన, ఓడుతున్న కాడ సీసం కరిగిచ్చి టాకా పెట్టిన. ఇంజన్ వేడెక్కినంక తెరుసుకొని నీళ్ళను పోనిచ్చే బిళ్ళ ఒకటుంటది, అది తుప్పు పట్టి మూసుకొనే ఉన్నది. తీసి అవతల పారేసిన. ఫ్యాన్ బెల్టు సాగింది, కొత్తది ఎక్కిచ్చిన. పాతది అవసరానికి పనికొస్తదని ఉంచుకున్న.

ఇగ హీటర్. దాన్ని పీకి పాత ఇనుప సామాన్లోనికి ఇయ్యమన్నరు అందరు. నేను ఇయ్యలే. ఎందుకంటె హీటరంటె ఇంకోటి కాదు, చిన్న రేడియేటరే. ఇంజన్ల ఉడుకునీళ్ళు ఒక రబ్బరు పైపుల లోపలికొస్తయి, సన్న గొట్టాలల్ల తిరుగుతయి, ఇంకో పైపుల వాపస్ పోతయి. వెనక చిన్న పంఖా ఆ వేడిని మనిషి మీదికి ఊదుతది. ఇంజన్ ఉడికేటప్పుడు హీటర్ తెరిస్తె ఆ వేడి కొంత ఇట్ల బయట పడ్తది. ఇంజన్ బతుకుతది, డ్రైవర్ చస్తడు. అమ్మ సేవల కొద్దిసేపు చెమటలు కారితె ఏమైతది అనుకొని హీటర్ గొట్టాలు ఊది శుభ్రం చేసి, కొత్త పైపులు బిగిచ్చిన. నా తెలివికి నేనే మురిసిన.

సేటు అంత ఇని ఒక్కటే అడిగిండు. పసుపు పోసినవా అని. నవ్వకుండ్రి. రేడియేటర్ ఓడితె చిటికెడు పసుపు వేసుడు లారీలోళ్ళందరికి ఎరుకే. అది పోయి చిల్లుల కూసుంటది, కారుడు ఆగుతది. గని సేటుకు పసుపు అంటె మందు, మంత్రం రెండూ. చెయ్యి తెగితె పసుపు, దగ్గొస్తె పసుపు, దుకాణం తలుపుకు చెదలు పడ్తె గూడ పసుపే. నేను టాకా పెట్టిన గద, పసుపు అవసరం లేదు, పైగా హీటర్ గొట్టాలు సన్నగుంటయి, పసుపు పోయి మూసుకుంటయి అని ఇడమరిచి చెప్పిన. సేటు తలకాయ ఊపిండు. ఆ ఊపుడు చూసి నమ్మినందుకు నన్ను అనాలె.

బోనాల నాడు పాత ఫ్యాన్ బెల్టు భుజానికేసుకొని స్టీరింగ్ మీద నేనే కూసున్న, ఆ బండి నడక నాకే ఎరుక. పక్కకు బాపు కూసున్నడు. ఒళ్ళె ఎర్రగుడ్డల చుట్టిన కొరడా. నాలుగు తొవ్వల కాడ దుర్గయ్య కొడుకు పసుపు రాసుకొని నిలబడి ఉంటడు, అక్కడ బాపు దిగి కొరడా అతని చేతిల పెట్టాలె, గది మాట. బాపు ఇంట్లకెళ్ళి బయలెల్లినప్పటి నుంచి కొరడా దిక్కే చూస్తున్నడు. గుడ్డ మీద చెయ్యి పెట్టి, పసిపిల్లను నిమిరినట్టు నిమురుతున్నడు. నేను గేరు మీద చెయ్యేసి రోడ్డు దిక్కే చూసిన. గని ఏం చేస్త, అబద్ధం ఆడి ఎగరలేను కదా.

బండి కదిలింది. ముందట డప్పులు, వెనక బోనాలెత్తుకున్న ఆడోళ్ళు, నడుమ నేను పెండ్లికూతురి నడక నడిపిస్తున్న. ఇంత దూరం పోయినమో లేదో, వేడి చూపే ముల్లు లేసుడు మొదలైంది. నాకేం ఫికర్ లేదు, హీటర్ ఉన్నది గద. మూత తెరిచి పంఖా ఏసిన. వేడిగాలి రాలే. చల్లగాలే వచ్చింది, దాంతోని గుప్పున పసుపు వాసన. బాపు కండ్లు మూసుకొని, అమ్మ దగ్గరికొచ్చింది బిడ్డా, వాసనొస్తుంది అన్నడు. నేను కిందికి చూసిన. కొత్త రబ్బరు పైపు బూరలెక్క ఉబ్బుతున్నది.

సంగతేందంటె, పొద్దుగాల నేను తానం చేస్తుండంగ సేటు వచ్చి రేడియేటర్ మూత తీసిండు. అమ్మవారి బండికి చిటికెడు పోస్తె ఏం బాగుంటదని సేరు పసుపు పోసిండు. ఆ పసుపు ముద్దకట్టి హీటర్ సన్న గొట్టాలన్ని మూసింది. నీళ్ళకు వాపస్ పోయే తొవ్వ లేదు. ఇదంత నాకు తర్వాత ఎరుకైంది. అప్పుడు ఎరుకైంది ఒక్కటే, పైపు ఫట్టుమని ఊడింది, పచ్చని ఉడుకునీళ్ళు మెడకెళ్ళి మోకాళ్ళ దాక నా మీద కుమ్మరిచ్చినయి. నీళ్ళింకా పూర తెర్లి మరగలేదు గన్క బతికి ఈ ముచ్చట చెప్తున్న.

నేను పెట్టిన కేక టేషన్‌ల రైలుకు గూడ ఇనపడి ఉంటది. అంగి చింపి పారేసిన, తలుపు తన్ని దుంకిన. ఎట్లున్ననో మీరే చూడుండ్రి. ఒళ్ళంత పసుపు. మీద అంగి లేదు. ఖాకీ లాగు జేబులల్ల నట్లు, వాటిని ఇప్పే పానాలు ఉన్నయి, ఎగిరినప్పుడల్ల గల్లుగల్లుమంటున్నయి. భుజం మీది పాత ఫ్యాన్ బెల్టు ఎప్పుడు జారిందో నా చేతిలకొచ్చింది, మంటకు దాన్నే ఇసురుతున్న. డప్పులోళ్ళు ఒక్క గడియ ఆగి నన్ను చూసిండ్రు. చూసి, పోతరాజు దరువు ఎత్తుకున్నరు.

జనం రెండు పాయలైండ్రు. పక్కింటి ముసలమ్మ నాగమణమ్మ, అంజన్న కొడుకు మీదికి తల్లి వచ్చిందో అనుకుంట ఉరికొచ్చి నా కాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోసింది. మా కాడ గది రివాజు, అమ్మ వస్తుంటె వాకిట్ల నీళ్ళు వారబోస్తరు. ఆ నీళ్ళు కాళ్ళ మీద పడంగనే, అబ్బా, పానం లేసొచ్చింది. అయితె చెంబెడే కదా, అయిపోయింది, మళ్ళ మంట. పక్క వాకిట్ల ఇంకో చెంబు కనబడ్డది. ఉరికిన. ఆమె పోసింది. దాని పక్క వాకిట్ల ఇంకోటి. ఇగ అక్కడికెళ్ళి నా బుద్ధి ఒక్కటే చెప్పింది, చెంబు ఏడుంటె ఆడికి పో అని. ఈ వాకిలికి ఆ వాకిలికి నడుమ మంటకు ఎగురుతున్న, చెంబు కాడ ఆగుతున్న. బస్తీల ఒక్క ఇల్లు ఇడిచిపెట్టకుంట తల్లి అందరిని దీవిస్తున్నదని మురుస్తున్నరు. నా బండికి నేను చేసిన రిపేరు దండగైంది గని, నా ఒంటిని మా బస్తీ ఆడోళ్ళు మస్తు చల్లార్చిండ్రు.

మా వాకిట్ల రాజమణి బిందె పట్టుకొని నిలబడ్డది. నన్ను చూసి దాని మొకం తెల్లబోయింది. దగ్గరికి పోయి చెవిల చెప్పిన, హీటర్ పైపు ఊడింది, కాలుతున్నదే అని. ఒక్కసారి కింది నుంచి మీది దాక చూసింది. కొంగు నోట్ల కుక్కుకున్నది. నవ్వు ఆపుకుంట బిందెకు బిందె నా నెత్తి మీద బోర్లిచ్చి, ఆగకు, ముందట సుశీలమ్మ ఇంటి కాడ కుండ నీళ్ళున్నయి, చల్లగుంటయి అని తొవ్వ చూపెట్టింది. గిట్లాంటి ఆడదాన్ని కట్టుకున్నందుకు ఏడ్వాలెనో నవ్వాలెనో నాకు ఇప్పటికి తెల్వది.

సుశీలమ్మ ఇంటి కాడ మంట కొంత తగ్గింది, తగ్గినంక కోపం లేసింది. కైలాసమన్న చేతులు జోడిచ్చి ఎదురుంగ నిలబడ్డడు. ఆయనకు మంచిగనే చెప్పిన. అన్నా, నా మీదికి ఎవ్వరు రాలే, హీటర్ల నీళ్ళు మీద పడ్డయి అన్న. కైలాసమన్న చుట్టున్నోళ్ళ దిక్కు తిరిగి, తల్లి ఏ మాటల మాట్లాడుతదో మనకేమెరుక అన్నడు. అని, ఈ ఏడు వానలు పడ్తయా తల్లీ అని నన్నే అడిగిండు.

నాకు ఒళ్ళు మండింది. అప్పటికే సగం మండి ఉన్నది, మిగిలిన సగం గూడ మండింది. డప్పులు ఆగినయి. నేను బెల్టు నేలకేసి కొట్టి, గల్లీ మొత్తం ఇనేటట్టు అడిగిన.

"రేడియేటర్ల పసుపు ఎవడు పోసిండు?"

గుంపులకెళ్ళి సీతారాం సేటు వచ్చిండు. మొకం మీద నెత్తురు సుక్క లేదు. వచ్చి, ఆ పట్టు ధోతితోని, ఆ పెద్ద బొజ్జతోని, బురదల నా కాళ్ళ మీద పడ్డడు.

"నేనే తల్లీ. పొద్దుగాల ఎవ్వరు చూడకుంట పోసిన. నీకెట్లెరుకైంది తల్లీ."

అయిపోయింది. ఆ ఒక్క మాటతోని నా బతుకు తీర్మానమైంది. ఎవ్వరు చూడనిది చెప్పిండంటె ఇగ అమ్మ కాక ఎవరు. అరె, బండి బాగు చేసినోన్ని నేను, నాకు కాక ఎవనికి ఎరుకైతదిరా అని నెత్తి నోరు కొట్టుకున్న. అది గూడ అమ్మ వచ్చి శిగమూగుడే అనుకున్నరు. ఆడోళ్ళు యాపమండలు తెచ్చి నా ఖాకీ లాగు మీద కట్టిండ్రు. ఎవరో ఇంత కుంకుమ తెచ్చి మొకానికి పెట్టిండ్రు. ఎవరో గుగ్గిలం పొగ ఏసిండ్రు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణ సంకటం అంటరు గద, ఆ ఎలుకను నేనే.

అప్పుడొచ్చిండు బాపు. ఆగిపోయిన బండి దిగి, ఆ మోకాళ్ళతోని కుంటుకుంట, ఎవ్వరిని పట్టుకోనియ్యకుంట వచ్చిండు. అందరు తొవ్వ ఇడిచిండ్రు. మేము నిలబడ్డది నాలుగు తొవ్వల కాడనే. అవతల దుర్గయ్య కొడుకు నున్నగ పసుపు రాసుకొని, గజ్జెలు కట్టుకొని తయారుగ ఉన్నడు. బాపు అతని దిక్కు పోతడనుకున్న. నా దిక్కొచ్చిండు. నా ఛాతి చూసిండు, కాళ్ళు చూసిండు. నా చేతిలకెళ్ళి ఫ్యాన్ బెల్టు మెల్లగ తీసుకున్నడు. వంగి, నాకొక్కనికే ఇనబడేటట్టు అడిగిండు.

"మస్తు కాలిందా బిడ్డా?"

"కాలింది బాపు. అమ్మ గిమ్మ ఏం లేదు. హీటర్."

"ఎరుకే. పక్కకే కూసున్న గద."

ఎర్రగుడ్డ ఇప్పి కొరడా నా చేతిల పెట్టిండు. ఇన్నేండ్లు నేను ముట్టనిది, ఇంత బరువుంటదని అనుకోలే. రాని అమ్మను వచ్చినట్టు చెయ్యనన్న మాట నాకు యాదికున్నది. వాపస్ ఇస్త అనుకున్న, నిజంగ అనుకున్న. గని బాపు కండ్లల్ల నీళ్ళు చూసి, నా చెయ్యి ఇప్పుకోలే. దుర్గయ్య కొడుకు నాకు దండం పెట్టి పక్కకు జరిగిండు, మంచి పోరడు. డప్పు మోగింది.

అక్కడికెళ్ళి గుడి దాక ఎగిరిన. బండిని గుంజుకుంట, నెట్టుకుంట జనం వెనక వచ్చిండ్రు, స్టీరింగ్ మీద సేటే కూసున్నడు. సుశీలమ్మ కుండ నీళ్ళతోని మంట ఎప్పుడో తగ్గింది. మరి కాళ్ళెందుకు ఆగలేదంటె, నన్నడగొద్దు.

పొద్దుగూకినంక రాజమణి నా ఛాతికి వెన్న రాసుకుంట, కూసొని నవ్వుకుంట, మళ్ళ వెన్న రాసుకుంట ఉన్నది. బాపు పీట మీద కూసొని బువ్వ తింటున్నడు. మారు పెట్టిచ్చుకున్నడు. ఎన్నాళ్ళకో కడుపు నిండ తింటున్నడని చూసి నాకు పానం కుదుటబడ్డది. అయినా నా కడుపుల మాట ఆగలే. బాపు, ఊరందరిని మోసం చేసినట్టైంది, రేపు కైలాసమన్నకు నిజం చెప్త అన్న.

బాపు నోట్ల ముద్ద మింగిండు. నింపాదిగ మూతి తుడుసుకున్నడు.

"నా మొదటి ఏడు మీ తాత నా నడుముకు యాపమండలు కట్టిండు. కొమ్మలు దులపలే. వాటి నిండ ఎర్రచీమలు. గుడి దాక నేను ఎగిరిన ఎగురుడు మళ్ళ ఇంకెవ్వరు ఎగరలే."

రాజమణి చెయ్యి నా ఛాతి మీద ఆగిపోయింది. మరి అమ్మ ఏదీ అని అడిగిన. నా గొంతు నాకే చిన్నపిల్లగాని గొంతులెక్క ఇనబడ్డది.

"రెండో ఏడు చీమలు లేవు. అయినా ఎగిరిన" అన్నడు బాపు. అని, ఇంకింత చారు పొయ్యమని కోడలిని అడిగిండు.

మళ్ళేడు బోనాల కంటె ముందు ఆ హీటర్ పీకేసి, పైపుల నోర్లు మూసి బిగిచ్చిన. రేడియేటర్ మూతకు తీగ చుట్టిన. సేటును బండి దరిదాపులకు రానియ్యలే. పసుపు ఇయ్యాలంటె నా ఒంటికి రాయి సేటూ, బండికొద్దు అన్న. పాపం ఆయనే దగ్గరుండి రాసిండు. యాపమండలు రెండుసార్లు దులిపి, రాజమణితోని గూడ చూపిచ్చి కట్టుకున్న. ఒక్క చీమ లేదు. బాపు అరుగు మీద కూసున్నడు, మోకాళ్ళ మీద ఆ పాత ఫ్యాన్ బెల్టు పెట్టుకొని. నేను కొరడా పట్టుకొని బండి ముందట నిలబడ్డ. డప్పు మోగింది.

ముందుగాల చెప్పిన మాటే మళ్ళ చెప్తున్న. ఆ ఏడు వచ్చింది హీటరే. మళ్ళేటి సంగతి ఎవ్వరు అడగలే, నేను చెప్పలే.